మాటకు తిరుగుటపా

వరంగల్ స్టేషన్లో టికెట్ల కిటికీ ముందు పెద్ద వరస ఉందనుకోండి. అందరికంటే ముందు నిలబడ్డాయనకు ముప్ఫయ్యేళ్ళుంటాయి. చేతిలో డబ్బు సిద్ధంగా ఉంది. ఎక్కడికి పోవాలో ఆయనకు బాగా తెలుసు. లోపలి గుమాస్తా "ఎక్కడికి?" అని అడిగాడు. "మ... మ... మ..." అంటూ ఆగిపోయాడాయన. పెదవులు బిగుసుకున్నాయి. మెడమీద నరాలు ఉబ్బాయి. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరో "తొందరగా కానీయండి" అన్నారు. చివరికి ఆయన గబగబా "డోర్నకల్" అనేసి, టికెట్ తీసుకుని పక్కకు తప్పుకున్నాడు.

నిజానికి ఆయన దిగవలసింది మహబూబాబాద్‌లో. డోర్నకల్ అదే దారిలో దానికి అవతల ఉంది. నోరు తిరగని పేరును తప్పించుకోవడానికి, నోటికి వచ్చిన పేరు చెప్పి, ఎక్కువ దూరానికి టికెట్ కొనుక్కున్నాడన్నమాట!

ఇది మేం కల్పించి చెప్పిన సంఘటనే. కాని నత్తి ఉన్న పెద్దవాళ్ళలో ఇలాంటి అనుభవం లేనివాళ్ళు తక్కువ. మామూలు మాటలైతే వాళ్ళు చాకచక్యంగా మార్చేస్తారు. "నాన్న" అనడం కష్టమైతే "బాపు" అంటారు. "పుస్తకం" రాకపోతే "బుక్కు" అంటారు. కాని ఊరి పేరునూ, తన పేరునూ మార్చడమెలా? మహబూబాబాద్‌కు మానుకోట అనే పాత పేరు ఉంది. కాని ఏం లాభం? అదీ "మ"తోనే మొదలవుతుంది!

ఇలాంటివారికి చెవి ద్వారా కాక, చర్మం ద్వారా, అంటే స్పర్శ ద్వారా సాయం అందించవచ్చునని శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. మాటకూ, స్పర్శకూ ఏం సంబంధం అంటారా? అదే ఈ పాఠం.

నత్తి నాలుకలో ఉందా?

నత్తి మూడు రకాలుగా కనిపిస్తుంది. కొందరు మొదటి అక్షరాన్ని పదేపదే అంటారు. కొందరు దాన్ని సాగదీస్తారు. మరికొందరికి మాట అసలు బయటికే రాదు. గొంతుకు తాళం వేసినట్టు బిగుసుకుపోతుంది. ఏం చెప్పాలో మాత్రం ముగ్గురికీ స్పష్టంగా తెలుసు.

సాధారణంగా రెండేళ్ళకూ, అయిదేళ్ళకూ మధ్య నత్తి మొదలవుతుంది. వందమంది పిల్లల్లో సుమారు అయిదుగురికి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. చాలామందికి దానంతటదే పోతుంది. పెద్దవాళ్ళలో సుమారు వందకు ఒకరికి మిగిలిపోతుంది. ఆ మిగిలినవారిలో ఆడవాళ్ళకంటే మగవాళ్ళే ఎక్కువ, రమారమి నాలుగింతలు.

ఒక చిన్న లెక్క వేద్దాం. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఒకప్పుడు వరంగల్ జిల్లాలోని ఊళ్ళు. 2016 అక్టోబరు 11న మూడూ వేరువేరు జిల్లా కేంద్రాలయ్యాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి ఈ మూడు జిల్లాల ప్రాంతంలో కలిపి సుమారు 17 లక్షల 50 వేలమంది ఉన్నారు. వందకు ఒకరు చొప్పున వేసుకుంటే ఎంతమంది? పదిహేడు వేల పైచిలుకు! కాబట్టి మీ ఊళ్ళోనూ, మీ బడిలోనూ ఇలాంటివారు ఉండే ఉంటారు. తెలియలేదంటే, బహుశా వాళ్ళు మాట్లాడటం తగ్గించేశారేమో ఆలోచించండి.

పూర్వం నత్తి నాలుకలోనే ఉందనుకునేవారు. గ్రీకు వక్త డెమోస్తనీసు నోట్లో గులకరాళ్ళు పెట్టుకుని మాట్లాడటం సాధన చేశాడని కథ ఉంది. మన ఇళ్ళలో మాటలు బాగా రావాలని పసివాళ్ళకు వస అరగదీసి నాకించేవారు. వాగుడుకాయను చూసి "నీకు వస ఎక్కువ పోశారా?" అంటాం కదా! కాని వస నత్తిని పోగొట్టదు. పైగా అందులో అసరోన్ అనే హానికరమైన పదార్థం ఉంది కనుక పసివాళ్ళకు పెట్టకపోవడమే మేలు. 1841లో బెర్లిన్ నగరంలో డీఫెన్‌బాఖ్ అనే శస్త్రవైద్యుడు నత్తి పోగొట్టడానికి నాలుకనే కోసి చూశాడు. రోగులు బాధపడ్డారే కాని ఫలితం దక్కలేదు. తప్పు నాలుకది కాదు మరి!

తెలివితక్కువతనం వల్ల నత్తి వస్తుందా? అదీ కాదు. కంప్యూటర్ శాస్త్రానికి పునాది వేసిన అలాన్ ట్యూరింగ్‌కు నత్తి ఉండేది. భయం వల్ల వస్తుందా? భయం నత్తిని పెంచుతుందే కాని పుట్టించదు. నత్తి కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా కనిపిస్తుంది. 2010లో అమెరికాలో డెన్నిస్ డ్రేనా బృందం పాకిస్తాన్, భారతదేశాలకు చెందిన కుటుంబాలను కూడా పరిశీలించి, కొందరిలో నత్తికి సంబంధించిన జన్యువులను గుర్తించింది. మాట మొదలుపెట్టడానికి మెదడు ఇచ్చే సంకేతాలు వేళకు అందకపోవడంలోనే అసలు చిక్కంతా ఉందని ఇప్పుడు శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

మీ గొంతును వేళ్ళతో వినండి

ఇప్పుడొక ప్రయోగం. దీనికి ఖర్చేమీ లేదు. మీ చూపుడువేలు, మధ్యవేలు గొంతు ముందుభాగంలో గట్టిగా ఉన్నచోట తేలిగ్గా ఆనించండి. "మహబూబాబాద్" అనండి. మొదటి అక్షరాన్ని పెదవులు మూసే "మ్‌మ్‌మ్" అని సాగదీయండి. వేళ్ళకింద సన్నగా అదురు తెలుస్తోందా? పెదవులు ఇంకా తెరవనే లేదు, గొంతు అప్పుడే పని మొదలుపెట్టింది!

ఇప్పుడు అదే జిల్లాలోని "తొర్రూరు" పేరు పలకండి. నాలుక పళ్ళకు ఆనించి "త్" దగ్గర ఒక్క క్షణం ఆగండి. అదురు లేదు. "ఒ" మొదలయ్యాకే వస్తుంది. ఇలాగే "జనగామ", "పాలకుర్తి" అని చూడండి. "భూపాలపల్లి", "కాటారం" అని చూడండి. ఒక జాబితా రాసుకోండి.

మీ జాబితా ఇలా ఉండాలి: మ, జ, భ మొదట్లోనే అదురుతాయి. త, ప, క అదరవు. "అబ్బ", "అప్ప" అని ఒకదాని తరవాత ఒకటి అంటే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. "అబ్బ"లో పెదవులు మూసుకున్నా గొంతు అదురుతూనే ఉంటుంది. "అప్ప"లో ఒక్క క్షణం ఆగిపోతుంది.

తెలుగు వ్యాకరణం చదివినవారు ఈపాటికి గ్రహించే ఉంటారు. క, చ, ట, త, ప పరుషాలు. గ, జ, డ, ద, బ సరళాలు. సంధులు నేర్చుకునేటప్పుడు బట్టీపట్టిన ఆ విభజన ఊరికే పెట్టింది కాదు. మీ వేళ్ళు ఇప్పుడు దాన్నే కనిపెట్టాయి!

అదురు ఎక్కణ్ణుంచి వస్తోంది? గొంతులో స్వరపేటిక ఉంది. అందులో రెండు స్వరతంత్రులున్నాయి. ఊపిరితిత్తుల్లోంచి వచ్చే గాలి తగిలినప్పుడు అవి కొట్టుకుంటాయి. మగవారి స్వరతంత్రులు సెకనుకు వందకు పైగా, ఆడవారివి సుమారు రెండువందలసార్లు, మీలాంటి పిల్లలవి ఇంకా ఎక్కువసార్లు కంపిస్తాయి. ఈ అంకెలు గుర్తుంచుకోండి, మళ్ళీ పనికొస్తాయి.

వెళ్ళిన ఉత్తరానికి జవాబు

మాట్లాడటం ఎంత పెద్ద పనో ఆలోచించారా? సెకనుకు పదికి పైగా ధ్వనులు పలుకుతాం. ఒక్కో ధ్వనికీ పొట్ట, ఛాతీ, గొంతు, దవడ, నాలుక, పెదవులు అన్నీ సమయానికి కదలాలి. మెదడు ఆజ్ఞలు పంపి ఊరుకోదు. పని జరిగిందా లేదా అని కనుక్కుంటూనే ఉంటుంది. ఉత్తరం రాసినవాడు తిరుగుటపాలో జవాబు కోసం చూసినట్టన్నమాట. దీన్నే శాస్త్రజ్ఞులు ఫీడ్‌బ్యాక్ అంటారు. మనం తిరుగుటపా అనే అందాం.

మాటకు తిరుగుటపా రెండు ముఖ్యమైన దారుల్లో వస్తుంది. ఒకటి చెవి: మన గొంతు మనకు వినిపిస్తుంది. రెండోది స్పర్శ: నాలుక పళ్ళకు తగిలిందనీ, పెదవులు కలిశాయనీ, గొంతు అదిరిందనీ చర్మమూ కండరాలూ చెబుతాయి. ఎప్పుడైనా పన్ను పీకించుకున్నారా? మత్తుసూది వేశాక పెదవి మొద్దుబారి మాట తడబడుతుంది. పెదవి కదలగలదు, కాని అక్కణ్ణుంచి రావలసిన జవాబు రావడం లేదు. స్పర్శ చేసే పని అప్పుడు తెలిసివస్తుంది.

చెవి దారిలో జవాబు ఆలస్యమైతే ఏమవుతుంది? 1950లో అమెరికాలో బెర్నార్డ్ లీ అనే ఆయన ఈ సంగతి ప్రకటించాడు. మాట్లాడేవాడి గొంతునే సెకనులో అయిదోవంతు ఆలస్యంగా అతని చెవులకు వినిపిస్తే, చక్కగా మాట్లాడేవాడు కూడా తడబడి, అక్షరాలు సాగదీసి, నత్తివాడిలా మాట్లాడాడు! ఫోనులో మీ మాటే మీకు ప్రతిధ్వనిగా వినబడినప్పుడు మీరూ ఇలా ఆగిపోయి ఉంటారు.

చిత్రమేమిటంటే, నత్తి ఉన్నవాళ్ళలో చాలామందికి దీనికి వ్యతిరేకంగా జరిగింది. ఆలస్యమైన ప్రతిధ్వని వింటూ ఉంటే వాళ్ళ మాట సాఫీగా వచ్చింది. పోలండ్ దేశంలోని లుబ్లిన్ నగరంలో బోగ్దాన్ ఆదాంచిక్ 1959లోనే ప్రతిధ్వనిని చికిత్సగా వాడిన సంగతి ప్రకటించాడు.

వంత పాడితే మాయం

ఇంకో చిత్రం మీ బడిలోనే చూడవచ్చు. పొద్దున ప్రార్థనలో అందరూ కలిసి ప్రతిజ్ఞ చెబుతారు. నత్తి ఉన్న పిల్లవాడు కూడా గుంపులో గొంతు కలిపితే సాధారణంగా తడబడడు. తరగతిలోకి వచ్చాక హాజరు పిలిచినప్పుడు మాత్రం ఒక్క మాట పలకడానికి తంటాలు పడతాడు. పాట పాడేటప్పుడు కూడా చాలామందికి నత్తి రాదు.

ఒగ్గుకథ చూశారా? ప్రసిద్ధ కళాకారుడు చుక్క సత్తయ్యది జనగామ జిల్లా మాణిక్యాపురం. ఒగ్గుకథలో ప్రధాన కథకుడికి పక్కనున్నవాళ్ళు వంత పలుకుతారు, డోలు దరువు వేస్తుంది. మరో గొంతు తోడుగా ఉండటం, దరువు వేళ చూపించడం అనే ఈ రెండూ నత్తిని తగ్గించేవేనని పరిశోధనల్లో తేలింది. బయటినుంచి తోడు సంకేతం అందితే, మెదడుకు "ఇప్పుడు మొదలుపెట్టు" అన్న వేళ సులభంగా దొరుకుతుందన్నమాట.

అయితే బజారులో, బస్సులో వంతగాణ్ణి వెంటబెట్టుకుని తిరగలేం కదా! చెవిలో ప్రతిధ్వని యంత్రం పెట్టుకుంటే ఎదుటివాళ్ళ మాటలకు అడ్డు. అందుకని శాస్త్రజ్ఞులు రెండో దారివైపు, స్పర్శవైపు చూశారు.

చర్మం కూడా వింటుంది

స్పర్శకు అంత శక్తి ఉందా? భూపాలపల్లిలో సింగరేణి బొగ్గుగనులున్నాయి. బొగ్గుగనుల్లో పైకప్పు గట్టిగా ఉందో, ఊడిపడేలా ఉందో పరీక్షించే పాత పద్ధతి ఒకటుంది. కప్పును కర్రతో తట్టి శబ్దం వింటారు; రెండో చేతి వేళ్ళు కప్పుకు ఆనించి అదురును పసిగడతారు. చెవి మోసపోయినచోట వేలు ప్రాణం కాపాడవచ్చు.

చెవులూ, కళ్ళూ రెండూ లేనివారికి అమెరికాలో సోఫియా ఆల్కార్న్ అనే ఉపాధ్యాయురాలు టడోమా అనే పద్ధతి నేర్పింది. మాట్లాడేవాళ్ళ పెదవుల దగ్గర బొటనవేలు, చెంపమీదా గొంతుమీదా మిగతా వేళ్ళు ఉంచి, అదురును బట్టి మాటలు గ్రహిస్తారు!

చర్మంలోపల పాచీని కణికలనే చిన్న అంగాలున్నాయి. 1830లలో వీటిని వర్ణించిన ఇటలీ శాస్త్రజ్ఞుడు ఫిలిప్పో పాచీని పేరే వాటికి పెట్టారు. ఒక్కొక్కటి ఒక మిల్లీమీటరు ఉంటుంది. కోసి చూస్తే ఉల్లిపాయలా పొరలుపొరలుగా ఉంటుంది. ఇవి అదురును పసిగడతాయి. సెకనుకు సుమారు 250 కంపనాల దగ్గర వీటి చురుకుదనం అన్నిటికంటే ఎక్కువ. ఇందాక గుర్తుంచుకోమన్న అంకెలు గుర్తున్నాయా? మనిషి గొంతు కంపనాలు కూడా ఆ ప్రాంతంలోనే ఉన్నాయి. అంటే మన వేలికొస గొంతు మాట వినడానికి సరిపోయేలానే ఉంది!

మీరే చేసి చూడండి. ఒక బెలూను ఊది, రెండు అరచేతుల మధ్య తేలిగ్గా పట్టుకోండి. మీ నేస్తాన్ని బెలూనుకు నోరు దగ్గరగా పెట్టి "ఆ..." అనమనండి. మీ చేతులకు ఆ గొంతు తెలుస్తుంది. "స్‌స్‌స్" అనమంటే ఏమవుతుందో మీరే చెప్పండి.

వేలికొసకు మాట

ఇప్పుడు పరికరం సంగతి చూద్దాం. ఇందులో మూడు భాగాలే. గొంతుమీద అదురును పట్టే చిన్న బిళ్ళ ఒకటి. ఆ అదురును పెద్దది చేసే విద్యుత్ పరికరం రెండోది. సెల్‌ఫోనును వణికించే మోటారులాంటి కంపించే బిళ్ళ మూడోది. ఈ మూడోదాన్ని వేళ్ళమధ్య పట్టుకోవాలి. గొంతు అదిరినంతసేపూ అది అదురుతుంది, గొంతు ఆగితే ఆగుతుంది. ఎవరి మాటలకూ అడ్డు రాదు. జేబులో చెయ్యి పెట్టుకుంటే ఎవరికీ కనిపించదు కూడా.

లుబ్లిన్‌లో ఆదాంచిక్, ఆయన సహచరులు ప్రతిధ్వనిని చెవికే కాక కంటికి వెలుగుగా, చర్మానికి అదురుగా కూడా అందించి, 1996లో ఆ ఫలితాలు ప్రకటించారు. అమెరికాలోని మిసిసిపి విశ్వవిద్యాలయంలో గ్రెగరీ స్నైడర్ బృందం నత్తి ఉన్న పెద్దవాళ్ళచేత పరికరం లేకుండానూ, పరికరంతోనూ వాక్యాలు చెప్పించింది. చేతికి అదురు అందుతున్నప్పుడు నత్తి గణనీయంగా తగ్గిందని 2009లో ప్రకటించింది. చెవితో ఏ సంబంధమూ లేకుండా!

ఇది తొడమీద వేలితో తాళం వేసుకోవడం లాంటిదేనా? కాదు. తాళం మాటకు సంబంధం లేకుండా నడుస్తుంది. ఈ అదురు మాటలోంచే పుడుతుంది, మాటతోనే ఆగుతుంది. అది తన గొంతే తనకు వంత పాడటం లాంటిది. ఎందుకు పనిచేస్తుందన్న దానికి శాస్త్రజ్ఞులు రెండు కారణాలు చూపుతారు. తోడు గొంతులాగే ఇదీ రెండో సంకేతం కావడం ఒకటి. గొంతు అదురు కొనసాగుతున్న సంగతి వేలికి తెలుస్తూ ఉండటం వల్ల దాన్ని తెగకుండా నడిపించడం సులభం కావడం రెండోది.

అయితే, పిల్లలూ, ఒక హెచ్చరిక. ఇది నత్తికి మందు కాదు. పరీక్షలు జరిగింది కొద్దిమందిమీద, కొద్దిసేపు, ప్రశాంతమైన గదుల్లో. కొందరికి బాగా పనిచేస్తుంది, కొందరికి చెయ్యదు. టికెట్ల కిటికీ దగ్గర వెనకనుంచి నవ్వే మనుషులు ప్రయోగశాలలో ఉండరు కదా! కళ్ళద్దాలు చూపుకు సాయం చేసినట్టు ఇదొక సాయం, అంతే. "వారంరోజుల్లో నత్తి మాయం" అనే ప్రకటనలు నమ్మకండి.

అసలు చికిత్సలో సాధన ముఖ్యం. మాటను మెత్తగా మొదలుపెట్టడం, పెదవులను తేలిగ్గా కలపడం, బిగుసుకున్నప్పుడు బలం ఉపయోగించకుండా వదులు చేసుకోవడం నేర్పుతారు. స్వయంగా నత్తి ఉన్న అమెరికన్ శాస్త్రజ్ఞుడు చార్లెస్ వాన్ రైపర్ (1905–1994), నత్తిని దాచుకోకుండా తేలిగ్గా, భయం లేకుండా నత్తిగానే మాట్లాడటం నేర్చుకోవాలన్నాడు. వేలిని గొంతుకు ఆనించి తన మాటను తానే గమనించుకోవడం ఈ సాధనకు ఎవరికైనా అందుబాటులో ఉన్న సాయం. మైసూరులో 1965లో స్థాపించిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఇలాంటి చికిత్సకు పేరుపొందింది. మనకు దగ్గరలో, సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో ఆలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. జనగామనుంచి సికింద్రాబాదుకు రైలు నేరుగా వెళుతుంది.

మిగిలిన తిరుగుటపా

మాటకు చెవీ, చర్మమూ కాక ఇంకో తిరుగుటపా కూడా ఉంది. అది వినేవాళ్ళ ముఖం! మాట్లాడేవాడు దాన్ని చూస్తూనే ఉంటాడు. అక్కడ నవ్వో, విసుగో కనిపిస్తే గొంతు ఇంకా బిగుసుకుంటుంది. ఏ పరికరమూ దాన్ని సరిచెయ్యలేదు. మీరు మాత్రమే సరిచెయ్యగలరు.

అందుకని నత్తి ఉన్నవారు మాట్లాడుతుంటే వారి ముఖంలోకి మామూలుగా చూడండి. మాట పూర్తయ్యేదాకా ఆగండి. వాళ్ళ మాటను మీరు పూర్తిచెయ్యకండి. "నెమ్మదిగా చెప్పు, ఊపిరి పీల్చుకో" అని సలహా ఇవ్వకండి. ఆ సలహా వాళ్ళు వెయ్యిసార్లు విన్నారు. ఎలా చెప్పారన్నది కాక ఏం చెప్పారన్నది వినండి. "నత్తోడు" అనే పేరు మీ తరగతిలో ఎవరికైనా ఉంటే, ఈరోజే దాన్ని తీసేసి అసలు పేరుతో పిలవండి.

ఏటా అక్టోబరు 22ను ప్రపంచమంతటా నత్తి అవగాహన దినంగా జరుపుతున్నారు. ఇది 1998లో మొదలయింది. ఆరోజు మీ బడిలో బెలూను ప్రయోగం చేసి చూపించండి.

మళ్ళీ ఆ టికెట్ల కిటికీ దగ్గరికి వెళదాం. ఆయన "మ... మ..." అంటున్నాడు. జేబులో వేళ్ళమధ్య చిన్న బిళ్ళ ఉండవచ్చు, లేకపోవచ్చు. వెనకనున్నది మీరనుకోండి. మీరు నవ్వలేదు, తొందరపెట్టలేదు. పది సెకన్లు పట్టింది. "మహబూబాబాద్" అన్నాడాయన. దిగవలసిన ఊరికే టికెట్ కొనుక్కున్నాడు.

మీ తెలివికి పరీక్ష

1. కేసముద్రం, గణపురం, డోర్నకల్, పరకాల, బయ్యారం: వీటిలో వేటి మొదటి అక్షరం దగ్గర గొంతు అదురుతుంది? ముందు ఊహించి, తరవాత వేళ్ళు ఆనించి చూడండి.

2. గుసగుసగా మాట్లాడేటప్పుడు గొంతుమీద వేళ్ళు పెట్టండి. అప్పుడు పైన చెప్పిన పరికరం పనిచేస్తుందా? ఎందుకు?

3. గుంపులో ప్రతిజ్ఞ చెప్పగలిగినవాడు హాజరు పలకలేకపోవడానికి కారణం నాలుకలో ఎందుకు ఉండదు? మీ మాటల్లో రాయండి.